కాలి పుండుకు కోల్డ్ ప్లాస్మా

నేనుండేది జర్మనీలో, బాల్టిక్ సముద్రం పక్కనున్న గ్రైఫ్స్‌వాల్డ్‌లో. షుగర్ పాతదే. కుడి బొటనవేలి కింద ఆనెకాయ పగిలి పుండైంది. అరికాలికి స్పర్శ తగ్గిపోయింది కాబట్టి నొప్పే లేదు, సాక్సుకు రసి అంటితే తెలిసింది. యాంటీబయాటిక్స్‌తో వాపు దిగింది కానీ పుండు నెలల తరబడి మానలేదు. వేలు తీసేస్తారేమోనని ఒకటే టెన్షన్.

డాక్టరమ్మ కోల్డ్ ప్లాస్మా చేద్దామన్నారు. రక్తంలో ఉండే ప్లాస్మా కాదిది. ఆర్గాన్ వాయువును కరెంటుతో ఉత్తేజపరిస్తే పుడుతుంది. అందులో ఎలక్ట్రాన్లకే విపరీతమైన శక్తి ఉంటుంది, బరువైన అణువులు చల్లగానే ఉంటాయి. అందుకే చర్మం కాలదు. వాడిన పరికరం కిన్‌పెన్ మెడ్. దాని వెనకున్న పరిశోధన ఈ ఊళ్లోని లైబ్నిజ్ ప్లాస్మా సంస్థదే. 2013లో వైద్యానికి అనుమతి వచ్చింది.

ప్రతిసారీ ముందు నర్సు చచ్చిన చర్మాన్ని బ్లేడుతో గీకి తీసేది. అది చూడటమే నాకు కష్టం. తర్వాత పెన్నులాంటి ఆ పరికరం కొసన చిన్న ఊదారంగు వెలుగు, సన్నగా బుస్సుమనే చప్పుడు, జిరాక్స్ మిషన్ దగ్గర వచ్చే లాంటి వాసన. పుండంతా నెమ్మదిగా తిప్పేది. స్పర్శ మిగిలిన అంచుల్లో కాస్త వెచ్చగా తగిలేది, అంతే. రాజమండ్రి నుంచి అమ్మ ఫోన్లో, "నిప్పుతో వైద్యమేంటి నాన్నా, కాలదూ?" అని ఒకటే గొడవ.

నేను దీన్ని క్రిములను చంపే యంత్రం అనుకున్నాను. డాక్టరమ్మ మాత్రం 2020లో అచ్చయిన అధ్యయనం సంగతి చెప్పారు. మా పక్కనే ఉన్న కార్ల్స్‌బుర్గ్ ఆసుపత్రి కూడా అందులో పాల్గొంది. ప్లాస్మా పెట్టిన షుగర్ పుండ్లు ఉత్తుత్తి చికిత్స పొందిన వాటికంటే త్వరగా చిన్నవయ్యాయట. ఇన్ఫెక్షన్ విషయంలో మాత్రం పెద్ద తేడా లేదట. ముందే ఇలా చెప్పడం నాకు నచ్చింది.

"బూటు వేసుకోకపోతే ప్లాస్మా కూడా దండగే" అని కూడా అన్నారు. పుండు మీద బరువు పడకుండా ఇచ్చిన ఆ మొద్దు బూటుతో సైకిల్ తొక్కలేం. ఇది సైకిళ్ల ఊరు. అన్నిటికంటే నన్ను విసిగించింది అదే.

కొన్ని వారాలకు పుండు అడుగున ఎర్రటి కొత్త కండ కనిపించింది, అంచులు దగ్గరపడ్డాయి. చివరికి పూర్తిగా మూసుకుంది. ఎంత ప్లాస్మా వల్ల, ఎంత బూటు వల్ల, ఎంత షుగర్ అదుపులోకి రావడం వల్ల అంటే విడదీసి చెప్పలేను. వేలు దక్కింది. స్పర్శ మాత్రం తిరిగి రాలేదు, అందుకే రోజూ రాత్రి అద్దం పెట్టి అరికాళ్లు చూసుకుంటాను.