అంటు కింది చిగురు

జూలై, మంగళవారం. పర్లాకిమిడి, ఒడిశా.

తెల్లవారుజామున పట్టిన వాన ఎనిమిదింటికి తెరిపిచ్చింది. మహేంద్రతనయ ఏట్లో ఎర్రనీళ్లు. చర్చి పెరట్లో పోయినేడు నాటిన జీడిమామిడి అంట్ల దగ్గర ఇవాళ పని ఒక్కటే: అంటు కట్టిన చోటికి దిగువన మొలిచిన చిగుళ్లు గిల్లెయ్యడం. అవి పైకొమ్మ కన్నా ఏపుగా, నిగనిగలాడుతూ ఉంటాయి. తెలియనివాళ్లు మొక్క బాగా అందుకుందనుకుంటారు. వదిలేస్తే బలమంతా అవే లాగేసుకుంటాయి. పైన కట్టిన మేలు రకం ఎండిపోయి, చివరికి నాటు చెట్టే మిగులుతుంది.

బాప్తిస్మం తీసుకున్న తొలి ఏళ్లలో జరిగేదీ అచ్చం ఇదే. పాత స్వభావం పోయిందని సాక్ష్యం చెప్పేస్తాం, అదేమో కింద చిగురిస్తూనే ఉంటుంది. సిలువ ఎత్తుకోమన్న మాట మత్తయిలోనూ మార్కులోనూ ఉంది. ‘ప్రతిదినము’ అన్నది మాత్రం లూకా 9:23లోనే కనిపిస్తుంది. ఆ ఒక్క మాటలోనే పనంతా ఉంది. చిగురు లేతగా ఉన్నప్పుడు గోటితో పోతుంది, ముదిరితే కత్తి కావాలి.

ఇంకొకటి. మొదటి రెండేళ్లూ అంటుకి పూత వచ్చినా తుంచెయ్యాలి. చెట్టు కుదురుకోకముందే కాయిస్తే నీరసించిపోతుంది. మన సంఘాల్లో దీనికి సరిగ్గా ఎదురు చేస్తున్నాం. మారుమనస్సు పొంది ఆరు నెలలు కాకుండానే కుర్రాడి చేతికి మైకు ఇస్తున్నాం. కొత్తగా చేరినవాణ్ని సంఘానికి అధ్యక్షుడిగా పెట్టొద్దని 1 తిమోతి 3:6 కారణంతో సహా చెబుతోంది: గర్వంతో పడిపోతాడని. ఆ పిల్లల్ని చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది.

మధ్యాహ్నం మళ్లీ ముసురు. బైబిలు చదివే పట్టిక రాయడానికి అనువైన పూట. కొత్త నిబంధనలో 260 అధ్యాయాలు. వారానికి ఐదు రోజులు, రోజుకొకటి చొప్పున 52 వారాల్లో అయిపోతాయి. మిగిలిన రెండు రోజులూ ఖాళీగానే ఉంచాలి. పట్టికలు చెడేది బద్ధకం వల్ల కాదు, బాకీ వల్ల. మూడు రోజులు తప్పితే నాలుగోనాడు నాలుగు అధ్యాయాలు మీద పడి, పుస్తకం మూతపడుతుంది. తప్పిన వాటిలో రెండు ఆ ఖాళీ రోజుల్లో చదవండి, మిగతావి వదిలేసి ఆనాటి భాగం తెరవండి. ఒడియా బడిలో చదివే పిల్లలు తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటూ అర్థాన్ని పోగొట్టుకుంటున్నారు. వాళ్లకి ఒడియా బైబిలే ఇవ్వాలి. ప్రార్థన ఎలాగూ ఇంటి భాషలోనే వస్తుంది.

సాయంత్రం కూడిక మత్తయి 12:43–45 మీద. ఊడ్చి అమర్చిన ఇల్లు ఖాళీగా ఉంటే, వెళ్లిపోయిన దయ్యం తనకన్నా చెడ్డవాటిని ఏడింటిని తెచ్చుకుంటుంది. ఇప్పసారా మానినవాడికి సాయంత్రం ఆరింటి నుంచి ఎనిమిదింటి వరకూ ఇల్లు ఖాళీ. ఆ రెండు గంటలకీ పని కుదర్చకుండా ‘ప్రార్థన చేసుకో తమ్ముడూ’ అనేసి వచ్చెయ్యడం మన తప్పు. ఎఫెసీ 4:28 చూడండి: దొంగ దొంగతనం మానాలి, చేతులతో కష్టపడాలి, అక్కరలో ఉన్నవాడికి పెట్టాలి. మానడం అందులో మొదటి మెట్టే.

క్షమాపణ గురించీ మాట వచ్చింది. ‘నా మాట వల్ల బాధపడి ఉంటే’ అనడం క్షమాపణ కాదు. ఆ ‘ఉంటే’ తప్పుని అవతలివాళ్ల మనసు మీదికి నెట్టేస్తుంది. ఏం చేశామో పేరు పెట్టి చెప్పాలి, ‘కానీ’ అని సాగదియ్యకూడదు, నష్టం ఉంటే తీర్చాలి. సంఖ్యాకాండం 5:7 లెక్కన అసలు మీద ఐదో వంతు కలపాలి, అంటే వెయ్యికి 1,200. లూకా సువార్తలోని పన్ను వసూలుదారు జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు.

రాత్రి తొమ్మిది. వాన తగ్గింది. గేటు పక్కనున్న రెండు అంట్లకి కట్టిన ప్లాస్టిక్ టేపు ఇంకా విప్పలేదు, కాండాన్ని కోస్తోంది. రేపు పొద్దున్నే విప్పాలి.