మా ట్రావెలర్ బండికి డిష్ పెట్టుకున్నం, సిగ్నల్ ఎట్ల పట్టినమో చెప్తా (నా అనుభవం)

మాది హన్మకొండ. పాత టెంపో ట్రావెలర్ తీసుకుని వెనక సీట్లు తీపిచ్చి, రెండు బెడ్లు, చిన్న గ్యాస్ పొయ్యి, ఒక 12 వోల్టుల బ్యాటరీ పెట్టించినం. అమ్మను బాపును తోలుకొని రామప్ప, లక్నవరం, కాళేశ్వరం, ధర్మపురి, బాసర ఇట్ల తిరుగుతుంటం. బాపు ఎక్కడికి పోయినా అడిగేది ఒక్కటే, రాత్రికి వార్తలొస్తయా, మ్యాచ్ వస్తదా అని. ఫోన్ల సూడు బాపూ అంటే తాడ్వాయి అడవిల సిగ్నల్ ఉంటే కద, ఇగ మేడారం జాతరప్పుడైతే టవర్ ఉన్నా అంత జనానికి నెట్ నడవది. అందుకే డిష్ పెట్టాల్సిందే అనుకున్న.

డీడీ ఫ్రీ డిష్ (దూరదర్శన్ వాళ్లు ఉచితంగ ఇచ్చే డిష్ సర్వీస్) తీసుకున్న. నెలనెలా కట్టేది లేదు, బండి నెలల తరబడి ఇంటి ముంగట ఆగినా రీచార్జ్ దండుగ అయితదన్న బాధ లేదు, డీడీ యాదగిరి వస్తది, ఇండియా ఇక్కడ ఆడే మ్యాచ్‌లు చానా వరకు డీడీ స్పోర్ట్స్‌ల వస్తయి, బాపుకు గంతకంటే ఏం గావాలె. సెట్‌టాప్ బాక్స్ మాత్రం ఎంపెగ్ 4 (కొత్త తరహా వీడియో సిగ్నల్) దే తీసుకోండి, పాతదాంట్ల కొన్ని ఛానళ్లు రావు. టీవీ, బాక్స్ రెండూ 12 వోల్టులవే సూసుకుంటే ఇన్వర్టర్ అక్కర్లేదు. 24 ఇంచుల టీవీ, బాక్స్ కలిపి 40 వాట్ల లోపే, 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీ ఎంత పట్టుకుంటదో చెప్పే లెక్క) బ్యాటరీ ఉంటే రాత్రి నాలుగు గంటలు సూసినా పొద్దుగాల ఫ్యాన్‌కు కరెంటు మిగుల్తది. ఇంజన్ నడుస్తుంటే మాత్రం బ్యాటరీ లైన్ల 14 వోల్టుల దాకా వస్తది కాబట్టి మధ్యల ఒక 12 వోల్టుల రెగ్యులేటర్ పెట్టించిన.

డిష్ ఫిట్ చేసే తమ్ముడు "అన్నా, టాప్ మీద బోల్టులు కొడితే అయిపాయె" అన్నడు. నేను ఒప్పుకోలే. మనిషి ఎక్కి దిగితేనే బండి కమాన్ల మీద ఊగుతది, 60 సెంటీమీటర్ల డిష్ ఒకటిన్నర డిగ్రీ పక్కకు పోయినా బొమ్మ ఆగిపోతది. అందుకే వెల్డింగ్ షాపుల మూడు కాళ్ల ఇనుప స్టాండ్ చేయించి, పది మీటర్ల కేబుల్ పెట్టి, కిందనే నిలబెడుతున్నం. గాలికి పడకుండ స్టాండ్ నడుమ నీళ్ల క్యాన్ వేలాడదీస్తం. ఈ మామూలు డిష్‌తోని బండి నడుస్తుంటే టీవీ రాదు, ఆగినంకనే సూడాలె.

ఇగ అసలు పని సిగ్నల్ పట్టుడు. ఫ్రీ డిష్ వచ్చేది జీశాట్ 15 అనే శాటిలైట్ నుంచి, అది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటది, మన వరంగల్ నుంచి సూస్తే ఆగ్నేయం దిక్కు, కంపాస్‌ల 141 డిగ్రీల దగ్గర, ఎత్తు (నేల నుంచి పైకి లేపే కోణం) 63 డిగ్రీలు. బాసర, ఆదిలాబాద్ దిక్కు పోతే ఎత్తు ఒకటి రెండు డిగ్రీలు తగ్గుతది, దిక్కు దాదాపు అదే. ముందుగాల స్టాండ్ పైపు నిట్టనిలువుగ ఉండాలె, మేస్త్రీలు వాడే స్పిరిట్ లెవెల్ పెట్టి సూడాలె, పైపు వంగి ఉంటే డిష్ వెనక క్లాంపు మీదున్న డిగ్రీల గీతలకు అర్థమే లేదు. డిష్ కంటికి అంత పైకి సూస్తున్నట్టు అనిపియ్యది, అది ఆఫ్‌సెట్ డిష్ (సిగ్నల్ పట్టే ముక్క నడుమ కాకుండ కింది దిక్కుకు ఉండేది) కాబట్టి అట్లనే ఉంటది, గీతనే నమ్మాలె. ఫోన్ కంపాస్ బండి ఇనుము పక్కన తప్పు చూపిస్తది, నాలుగడుగులు దూరం జరిగి సూడాలె.

తర్వాత బాక్స్‌ల సిగ్నల్ పేజీ తీయాలె. రెండు గీతలుంటయి, స్ట్రెంత్ (సిగ్నల్ జోరు), క్వాలిటీ (మనకు గావాల్సిన సిగ్నల్ ఎంత సాఫ్‌గ వస్తుందో). స్ట్రెంత్ నిండుగ ఉంటే సంబరపడొద్దు, డిష్ ఎటున్నా అది కొంత చూపిస్తనే ఉంటది. మనకు గావాల్సింది క్వాలిటీ. పక్కనే 95 డిగ్రీల కాడ డిష్ టీవీ వాళ్ల శాటిలైట్లున్నయి, అంటే ఒకటిన్నర డిగ్రీనే తేడా, ఒక్కోసారి దాన్నే పట్టుకుంటది, అప్పుడు స్ట్రెంత్ ఫుల్లు, క్వాలిటీ సున్నా. బాపు లోపల కూసోని గీత సూసుకుంట "ఆగు ఆగు, ఎక్కింది" అని కేకేస్తడు, నేను బయట వేలెడంత జరిపి రెండు మూడు సెకన్లు ఆగుత, బాక్స్ ఆలస్యంగ చూపిస్తది కాబట్టి గబగబ తిప్పితే సిగ్నల్ దాటిపోయినా తెల్వది. క్వాలిటీ కొంచెం వచ్చినంక ఎల్‌ఎన్‌బీ (డిష్ ముంగట కడ్డీ చివర సిగ్నల్ పట్టే ముక్క) క్లాంపు స్క్రూ వదులు చేసి దాన్ని పక్కకు తిప్పాలె, మన దగ్గర 36 డిగ్రీల దాకా వంపు పడ్తది. చానామంది దీన్ని ముట్టరు, గానీ సగం ఉన్న క్వాలిటీ దీంతోనే పైకి లేస్తది.

ఊళ్లె ఆగితే మిద్దెల మీది డిష్‌లు సూడండి. డిష్ టీవీవి, ఫ్రీ డిష్‌వి ఇంచుమించు ఒకే దిక్కుంటయి, టాటా ప్లేవి 83 డిగ్రీల శాటిలైట్‌కు కాబట్టి దక్షిణానికి ఎక్కువ తిరిగి ఉంటయి, వాటిని చూసి మనది పెట్టొద్దు.

అడవిల చెట్లని భయపడొద్దు, శాటిలైట్ అంత ఎత్తున ఉంది కాబట్టి ఆగ్నేయం దిక్కు పది మీటర్ల చెట్టుంటే అయిదారు మీటర్లు దూరం జరిగితే చాలు. టేకు చెట్ల కింద మాత్రం ఆకుల నుంచి రాదు, చానల్ ఒక నిమిషం వచ్చి ఒక నిమిషం పోతది. వానాకాలం బొగత జలపాతం దిక్కు పోయేటోళ్లు ఇంకోటి గుర్తు పెట్టుకోండి, గట్టి వాన పడ్డప్పుడు కేయూ బ్యాండ్ (ఈ డిష్‌లు వాడే రేడియో తరంగాలు) సిగ్నల్ పోతది, అప్పుడు తడుసుకుంట డిష్ తిప్పుడు పెట్టుకోవద్దు, వాన తగ్గంగనే అదే వస్తది. కేబుల్ చివర ఎఫ్ కనెక్టర్‌కు (ఎల్‌ఎన్‌బీకి బిగించే మరల పిన్ను) మాత్రం రబ్బరు టేపు గట్టిగ చుట్టండి, దాంట్లకు నీళ్లు పోయినయంటే వాన ఆగినా బొమ్మ రాదు.