మార్కాపురం అటక మీద ఇటుకల డబ్బా

రాత్రి పదిన్నరకు ఒంగోలు నుంచి పాత సామాన్ల అన్న వాట్సాప్‌లో రెండు ఫొటోలు పంపాడు. మొదటిదాంట్లో అరచేతిలో మూడు ఎర్ర ప్లాస్టిక్ ఇటుకలు, పిల్లలు ఒకదాని మీద ఒకటి నొక్కి ఆడుకునేవి. రెండోదాంట్లో ఒక ఇటుకను వెల్లకిలా తిప్పి తీశాడు. లోపలంతా బోలు. అడుగున ఏదో ఉబ్బెత్తు గీత. ఫొటో పెద్దది చేస్తే అక్షరంలా ఉంది, తెలుగు అక్షరంలాగే ఉంది, కానీ చదవడానికి రావడం లేదు. లేచి వెళ్లి అద్దం ముందు ఫోన్ పట్టుకున్నాను.

"మా."

ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు. ఎందుకో చెప్పాలంటే అచ్చుల సంగతి కొంచెం చెప్పాలి. ప్లాస్టిక్ వస్తువు మీద అక్షరం సరిగా పడాలంటే ఉక్కు డైలో, అంటే అచ్చులో, దాన్ని తిరగేసి చెక్కాలి. ఈ డై చెక్కినాయన మామూలుగా, మనం రాసుకున్నట్టే చెక్కేశాడు. అందుకే ఇటుక మీద అది తిరగబడి పడింది. అంగట్లో పెట్టబోయే సరుకును ఎవరూ అలా వదిలిపెట్టరు. మొదటి ట్రయల్‌లో చూసుకుని డై దిద్దిస్తారు. అంటే ఈ మూడూ ట్రయల్ ముక్కలు. తెలుగు అక్షరంతో, ఎప్పుడూ అమ్మకానికి రాని ఇటుకలు.

ఇరవై ఏళ్లుగా పాత ఇటుకల సెట్లు సేకరిస్తున్నాను. దీనికి మూలం మా మేనమామ. 1986లో కువైట్ నుంచి సెలవుకు వచ్చినప్పుడు డెన్మార్క్ కంపెనీ లెగోవాళ్ల ఆట ఇటుకల చిన్న డబ్బా తెచ్చాడు. అందులోని ఎర్ర ఇటుక ఒకటి అప్పటినుంచీ నా దగ్గరే, నా పర్సులోనే ఉండేది. మొదట్లో అందరిలాగే డబ్బా బాగుందా, ముక్కలన్నీ ఉన్నాయా అని చూసేవాణ్ణి. పోనుపోను అమ్మకానికి రానివాటి మీదికి మనసు మళ్లింది. జర్మనీలో బేయర్ కంపెనీ తన ప్లాస్టిక్కునూ రంగులనూ పరీక్షించుకోడానికి లెగో అచ్చుల్లో ఇటుకలు పోసేది. వాటిలో ఏ సెట్‌లోనూ అమ్మని రంగులు కనబడతాయి. అలాంటిది ఒకటి చేతిలో పట్టుకుంటే, పని జరుగుతుండగా మనం పక్కన నిలబడి చూస్తున్నట్టు ఉంటుంది. మన దేశంలో, అదీ మన జిల్లాల్లో అలాంటిది దొరుకుతుందని నేనెప్పుడూ అనుకోలేదు.

మర్నాడు సెలవు దొరకలేదు. ఆ మరుసటి రోజు తెల్లవారుజామున నెల్లూరులో బండెక్కాను. సంచిలో సన్నటి కొలతలు తీసే వెర్నియర్ కాలిపర్, నోటు పుస్తకం, రెండు డబ్బాల మలై కాజా. ఒకటి ఒంగోలు అన్నకు. రెండోది ఎవరికివ్వాల్సి వస్తుందో తెలియకుండానే కొన్నాను. పెన్న మీద బండి వెళ్తుంటే నీళ్లు ఇంకా బూడిదరంగులోనే ఉన్నాయి. కావలి దాటాక కాసేపు కునుకు పట్టింది.

అన్న కొట్టు తెరిచి నాకోసమే చూస్తున్నాడు. ఇటుకలు అగ్గిపెట్టెలో పెట్టి ఉంచాడు. ఒకదాన్ని గచ్చు మీద తట్టి చూశాను. గాజుముక్కలా టింగుమంది. పాలీస్టైరిన్ అనే ప్లాస్టిక్. లెగోవాళ్లు 1963 నుంచి వాడుతున్న ఏబీఎస్ ప్లాస్టిక్‌కు ఈ మోత రాదు. అంతకుముందు వాళ్లు వాడిన సెల్యులోజ్ ఎసిటేట్ అనే ప్లాస్టిక్ అయితే ఏళ్లు గడిచేకొద్దీ వంకర తిరుగుతుంది, కొన్నిసార్లు వెనిగర్ వాసన కూడా వేస్తుంది. ఇవి నిటారుగా, గట్టిగా ఉన్నాయి.

"ఎక్కడివన్నా?"

"మార్కాపురంలో పలకల షెడ్డు ఒకటి ఖాళీ చేసినారు. ఫ్రేముల తుక్కు నాలుగు బస్తాలొచ్చింది. అందులో దొరికినాయి. ఆ పెద్దాయన ఇంకా ఉన్నాడు. వెళ్తే మాట్లాడతాడు."

ఒంగోలు బస్టాండులో మార్కాపురం బస్సు దొరికింది. చీమకుర్తి దగ్గర మా బస్సు వెనకపడిన లారీల మీద గెలాక్సీ గ్రానైట్ దిమ్మెలు, ఒక్కో లారీకి ఒకటో రెండో. నల్లరాయిలో బంగారు నలుసులు ఎండకు మెరుస్తుంటాయి. పొదిలిలో టీ తాగాను. ఆ తర్వాత దారంతా ఎండే.

మార్కాపురంలో దిగాక ఊరి అంచున ఎటు చూసినా పలకరాతి ముక్కల గుట్టలు. ఒకప్పుడు దేశంలో పిల్లలు దిద్దుకున్న రాతిపలకల్లో ఎక్కువ భాగం ఇక్కడినుంచే వెళ్లాయి. నేను అ ఆలు దిద్దిన పలకా ఇక్కడిదే అయ్యుంటుంది. పొరలు పొరలుగా ఉండే రాయిని ఉలితో విడదీసి, కోసి, నునుపు చేసి, చుట్టూ చెక్క ఫ్రేము బిగించేవాళ్లు. తర్వాత ప్లాస్టిక్ ఫ్రేములొచ్చాయి. ఈ ఇటుకల కథ అక్కడే మొదలవుతుంది.

చెన్నకేశవస్వామి గుడికి రెండు వీధుల అవతల ఇల్లు. అరుగు మొత్తం పలకరాయే పరిచారు. పెద్దాయనకు ఎనభై దగ్గర పడి ఉంటాయి. నేను అగ్గిపెట్టె తెరిచి ఇటుక అరచేతిలో పెట్టగానే ఏమీ మాట్లాడలేదు. బొటనవేలితో అడుగున తడిమాడు, అక్షరం ఎక్కడుందో చేతికే తెలిసినట్టు.

"ఏంది నాయనా, దీనికోసం నెల్లూరు నుంచి వచ్చినావా?"

"దీనికోసమే పెదనాయనా."

"అది తిరగబడింది చూడు. మా అన్న ఎంత తిట్టినాడో."

పెద్దమ్మ మజ్జిగ తెచ్చింది. ఆయన చెప్పుకుంటూ పోయాడు, నేను రాసుకుంటూ పోయాను. అన్నదమ్ములిద్దరికీ కలిపి పలకల షెడ్డు. ఫ్రేముల కోసం చేత్తో తిప్పే మోల్డింగ్ మిషన్ ఒకటి కొన్నారు. పైన ప్లాస్టిక్ గింజలు, అంటే దానా, పోసి, కరిగాక పిడి లాగితే డైలోకి దిగుతుంది. బడులు తెరిచే ముందు మూడు నాలుగు నెలలు ఊపిరాడనంత పని, మిగతా రోజులు మిషన్ ఖాళీ. 1983లో ఆయన మద్రాసు వెళ్లినప్పుడు ప్యారిస్ కార్నర్‌లో ఒక కొట్లో విదేశీ ఇటుకల డబ్బా చూశాడు. ఏ కంపెనీదో ఆయనకిప్పుడు గుర్తులేదు. పలకలు కొనేది పిల్లలకే, ఇటుకలూ పిల్లలకే, మిషన్ ఎలాగూ ఖాళీగా ఉంది. అక్కడినుంచే ఆలోచన. రెండు ఇటుకలు తెచ్చి విజయవాడ ఆటోనగర్‌లో డై పని చేసే ఒకాయనకు చూపించారు.

"దాంట్లో లోపల గొట్టాలుండె. ఆయన చూసి, గొట్టాలు పెడితే డై ఖర్చు రెండింతలయితాది, తీసేద్దాం అన్నాడు. సరే అన్నాం."

పెన్ను ఆపేశాను. గొట్టాలు లేకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. బోలు ఇటుకలో కింది ఇటుక పైనుండే బుడిపెలు పక్క గోడలకు మాత్రమే ఆనుతాయి. మధ్యలో పట్టుకునేది ఏమీ ఉండదు. గొట్టాలుంటే ప్రతి బుడిపె గోడకూ గొట్టానికీ మధ్య ఇరుక్కుని నిలబడుతుంది. ఆ ఇరుకు మిల్లీమీటరులో నూరోవంతుల్లో ఉండాలి. కాస్త ఎక్కువైతే పిల్లల వేళ్లకు ఊడదు, కాస్త తక్కువైతే గోడ కూలిపోతుంది.

ఆయన కుర్చీ వేయించి అటక మీదినుంచి డబ్బా దింపించాడు. మనవడు దుమ్ము దులపబోతే నేను గబుక్కున ఆపాను. ఇక్కడ నా మాట ఒకటి చెప్పాలి. పాత ఇటుకలు దొరకగానే సబ్బునీళ్లలో కడిగేవాళ్లున్నారు, ఏళ్లకు ఎక్కిన పసుపు పోవాలని పెరాక్సైడ్‌లో ముంచి ఎండలో పెట్టేవాళ్లూ ఉన్నారు. లక్షల్లో అమ్ముడైన సెట్లకు అది చేసుకోవచ్చు. ట్రయల్ ముక్కల జోలికి మాత్రం పోకూడదు. అంచున మిగిలిన పొర, మీద పడిన ఆకురాయి గీత, అంటుకున్న నలుపు, అంతా పని చేసినవాళ్ల చేతిరాతే. ఒకసారి తుడిచేస్తే మళ్లీ ఎవరూ తిరిగి రాయలేరు.

డబ్బా అట్టది, మూడు నోటు పుస్తకాలు పక్కపక్కన పెట్టినంత. మూత మీద అతికించిన కాగితంలో పెంకుటిల్లు బొమ్మ, ముందు ఒక కొబ్బరిచెట్టు. కింద "వెల రూ." అని అచ్చయి ఉంది. దాని పక్కన ఖాళీ. వెల నిర్ణయించేదాకా పని రాలేదు.

మూత తీశాను. ఎరుపు, తెలుపు, నలుపు ఇటుకలు. నలుపు ఎందుకంటే పలకల ఫ్రేములకు తెచ్చిన రంగుపొడి ఉంది కాబట్టి. విడిగా అరవై. ఇంకో రెండు ఇంకా కాడకే ఉన్నాయి. ఒక సన్నటి ప్లాస్టిక్ కాడకు అటొకటి ఇటొకటి, డైలోంచి ఊడి వచ్చినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే. మొత్తం అరవైరెండు. అడుగున కాగితంలో చుట్టిన చిన్న పలక. దాని మీద మేకుతో గీసిన ఇటుక బొమ్మ, నిలువు, అడ్డం, బుడిపె మందం కొలతలతో. బలపంతో రాస్తే చెరిగిపోతుందని మేకుతో గీశారట.

కాలిపర్ తీసి పదిహేను ఇటుకలు కొలిచాను. ఎనిమిది బుడిపెల లెగో ఇటుక పొడవు 31.8 మిల్లీమీటర్లు, బుడిపె అడ్డకొలత 4.8. వీటి పొడవు 31.5 నుంచి 31.9 దాకా ఉంది. బుడిపెలు ఎక్కువగా 4.7, ఒకటి రెండు మాత్రమే 4.8.

"ఒకే డైలో వచ్చినవే కదా, ఇంత తేడా ఎందుకు?" అన్నాను.

"కొత్త దానా ఖరీదని ఫ్రేముల తుక్కు కలిపేవాళ్లం. పొద్దున తీసినవి ఒక తీరు, మధ్యాహ్నం ఎండలో తీసినవి ఒక తీరు. మొదట బిర్రుగా వచ్చి పగిలిపోయినాయి. డై నునుపు చేయించినాం. వదులైపోయినాయి. పట్టు రాలేదు అబ్బయ్యా." రెండు ఇటుకలు కలిపి తలకిందులు చేశాడు. కిందది ఊడి అరుగు మీద పడింది. టింగ్.

అప్పుడు ఆయనకు లెగో పుట్టిన ఊరు బిల్లుండ్ సంగతి చెప్పాను. డెన్మార్క్‌లో ఒక వడ్రంగి, ఓలే కిర్క్ క్రిస్టియన్సెన్, చెక్కబొమ్మలు చేసుకుంటూ 1946లో ప్లాస్టిక్ మిషన్ కొన్నాడు. ఇంగ్లండ్‌లో హిలరీ ఫిషర్ పేజ్ అనే ఆయన చేసిన కిడ్డీక్రాఫ్ట్ ఇటుకలు అతని చేతికొచ్చాయి. అంగుళాలను మిల్లీమీటర్లలోకి మార్చి, మూలలు కాస్త పదును చేసి, 1949లో తన ఇటుకలు అమ్మకానికి పెట్టాడు. అవీ బోలువే. వాటికీ పట్టు సరిగా లేదు. లోపల గొట్టాలు పెట్టిన ఇటుకకు అతని కొడుకు పేటెంట్ దరఖాస్తు పెట్టింది 1958 జనవరి 28న.

పెద్దాయన వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. "తొమ్మిదేళ్లా?"

"తొమ్మిదేళ్లు."

"మేం తొమ్మిది నెలలు చూసినాం." కాసేపు వీధివైపు చూస్తూ కూర్చున్నాడు. "తర్వాత అన్నకు ఒళ్లు బాగలేకపోయింది. పలకలకూ ఆర్డర్లు తగ్గినాయి. డై ఉక్కు తూకానికి ఇచ్చేసినాం."

గొట్టాలున్న ఇటుక ఎలా ఉంటుందో చూపిద్దామని పర్సులోంచి మామ తెచ్చిన ఇటుక తీసి ఇచ్చాను. కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు దాని లోపలికే చూశాడు. తర్వాత డబ్బా ముందుకు లాక్కుని, తన ఇటుకలు ఒక్కొక్కటే తీసి దాని కింద నొక్కడం మొదలుపెట్టాడు. ఒకటి ఊడింది. ఇంకొకటి ఊడింది. పదో పన్నెండో పోయాక ఒక నల్ల ఇటుక నొక్కి, పైదాన్ని పట్టుకుని లేపాడు. నల్లది వేలాడింది. ఊపాడు. పడలేదు.

"చూడవే," అన్నాడు లోపలికి తిరిగి.

పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చి చూసింది. "అయితే అదొకటి ఇంట్లో ఉంచండి," అంది.

డబ్బా, పలక, కాడ ఇటుకలు అన్నీ నాకే ఇచ్చేశారు. ఎంతివ్వమంటారని రెండుసార్లు అడిగాను. కాజాల డబ్బా తీసుకున్నారు, డబ్బు తీసుకోలేదు. "ఇది ఇచ్చిపోతావా మరి?" అని మామ ఇటుక చూపించాడు పెద్దాయన. ముప్పై తొమ్మిదేళ్లుగా నా దగ్గరున్న ఇటుక అది. ఇచ్చాను. ఆ రెంటినీ విడదీయకుండా అలాగే దేవుడి గూట్లో పెట్టుకున్నాడు.

తిరుగు బస్సులో డబ్బా పైన పెట్టమని కండక్టర్ రెండుసార్లు చెప్పాడు. నేను ఒళ్లోంచి దించలేదు. పొదిలి దాకా రోడ్డు గతుకులకు లోపల ఇటుకలు చప్పుడు చేస్తూనే ఉన్నాయి.

ఇంటికొచ్చి నా పద్దుపుస్తకంలో రాసుకున్నాను. మార్కాపురం సెట్, ట్రయల్, విడుదల కాలేదు. ఎరుపు, తెలుపు, నలుపు. అడుగున తిరగబడిన "మా". డబ్బాలోవి మొత్తం 62, వాటిలో నా దగ్గర 61. ఒక నల్లది మార్కాపురంలో, మామ ఇటుకను పట్టుకుని ఉంది.