వంద పొట్లాల నుంచి మూడు వందలకు పెంచే ముందు

తిరుపతిలో అన్నం పెట్టేవాళ్లకు కొదవ లేదు. తితిదే అన్నప్రసాదం ఉంది, ఐదు రూపాయల అన్న క్యాంటీన్లున్నాయి. అందుకే పేదలకు భోజనం పెట్టాలనుకునే చర్చివాళ్లు గుండిగలు కొనే ముందు ఓ వారం రోజులు తిరిగి చూడాలి. రుయా ఆసుపత్రి గేటు బయట, రైల్వే స్టేషన్ ముందు, బస్టాండులో ఏ పూట ఎవరు పస్తుంటున్నారో కనుక్కోవాలి. రోగికి తోడొచ్చిన పల్లెటూరి మనిషి రాత్రి ఏం తింటున్నాడో మధ్యాహ్నం వెళితే తెలియదు.

వందమందికి సాంబారన్నమంటే బియ్యం 12 కిలోలు, కందిపప్పు 3 కిలోలు, కూరగాయలు ఓ 5 కిలోలు. మూడు వందలకు పెంచితే సరుకు మూడింతలు చేస్తారు, పొయ్యి మాత్రం అదే ఉంటుంది. 36 కిలోల బియ్యం ఒకే గుండిగలో పోస్తే అడుగు మాడుతుంది, పైన పలుకు మిగులుతుంది. మూడు వాయిలుగా వండితే మొదటి వాయి సాయంత్రం నాలుగుకే దిగి, పంచేది ఎనిమిదికి. మే నెల ఎండలకు అది పులిసిపోతుంది. కాబట్టి ముందు పొయ్యిలు పెంచాలి, తర్వాతే పొట్లాలు. వేడి అన్నాన్ని కవర్లో వేసి వెంటనే మూతి కట్టకూడదు, ఆవిరి నీరై పాడుచేస్తుంది. వెడల్పాటి పళ్లెంలో ఆవిరి పోనిచ్చి కట్టాలి. ఎండాకాలం పులిహోర నయం, చింతపండు ఉంటుంది గనక నిలుస్తుంది. దాన్ని అల్యూమినియంలో కాకుండా స్టీలులో కలపండి. ఆహార భద్రత చట్టం లాభం లేని వంటకూ వర్తిస్తుంది. చిన్న వంటశాల రిజిస్ట్రేషన్‌కు ఏడాదికి 100 రూపాయలే, బద్ధకించొద్దు.

సేవ ఎక్కువగా చెడేది లెక్కల దగ్గర. పాస్టరుగారి ఫోన్‌పే నంబరుకే కానుకలు వస్తుంటాయి. ఆ డబ్బు పన్నుశాఖ కంటికి ఆయన సొంత ఆదాయంగా కనబడుతుంది, ఆయన ఎంత నిజాయితీపరుడైనా సరే. ఏడుగురు సభ్యులుంటే 2001 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టరు చేయొచ్చు. సంఘానికి సొంత పాన్, సొంత ఖాతా ఉండాలి. 2000 రూపాయలు దాటిన నగదు కానుకకు దాతకు ఆదాయపు పన్ను మినహాయింపు రాదు, అందుకే చెక్కో యూపీఐయో అడగండి.

అమెరికాలోని పిల్లలు పంపే డబ్బుతో ఇంకా జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకుంటే, ఓసీఐ కార్డు (భారత సంతతికి చెందిన విదేశీ పౌరులకిచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేకుండా ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. పంపినవాళ్ల పాస్‌పోర్టు నకలు ఫైల్లో పెట్టుకోవాలి.

పొట్లంతో పాటు కరపత్రం మాత్రం వద్దు. ఆకలితో ఉన్నవాడు వద్దనలేడు, ఆ స్థితిలో చేతిలో పెట్టిన కాగితం సువార్త కాదు. మత్తయి 25లో ప్రభువు ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టారా అనే అడిగాడు, వాడిది ఏ మతమని అడగలేదు.

పక్కనే ఉన్న వేలూరు సీఎంసీ ఆసుపత్రి చూడండి. అమెరికా మిషనరీ డాక్టరు ఐడా స్కడర్ 1900లో ఒక్క మంచమున్న క్లినిక్‌తో దాన్ని మొదలుపెట్టింది. 1902కి నలభై పడకల ఆసుపత్రి వచ్చింది. 1909లో నర్సుల శిక్షణ, 1918లో వైద్య విద్య. చేతులను తయారుచేసుకుంటూ పెరిగిన సేవ అది.

మన వంటశాలకూ అదే కావాలి. వంటమనిషి ఒక్కతే అయితే, ఆమెకు జ్వరమొచ్చిన రాత్రి మూడు వందలమంది కాచుకుని కాచుకుని వెళ్లిపోతారు. కొలతలు గోడ మీద రాయించి, రెండో మనిషి చేత వారానికి రెండు పూటలు వండించండి. ఆ రెండో మనిషి ఎవరినీ అడగకుండా పప్పు కొలిచి పోయగలిగిన నెలలో పొట్లాలు పెంచండి.