మెడలో గడ్డ లేదుగా, మరి మెడెందుకు కొయ్యాలి?

2019లో మా చిన్నాన్నకి నాలుక పక్కన పుండు వచ్చింది. విరిగిన పన్ను గీసుకుని వచ్చుంటుందిలే అని రెండు నెలలు నోటిపూత మందు రాసుకుంటూ గడిపేశాడు, పైగా ఇరవై ఏళ్ళ ఖైనీ అలవాటు. బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది. స్కాన్‌లో మెడ మాత్రం క్లీన్‌గా ఉందన్నారు, హమ్మయ్య అనుకున్నాం. తీరా సర్జన్ గారి దగ్గరికెళ్తే ఆయన చిన్నాన్న దవడ కింద వేళ్ళతో నెమ్మదిగా తడిమి చూసి, గడ్డలేం తగల్లేదు గానీ నాలుకతో పాటు మెడలో లింఫ్ గ్రంథులు కూడా తీసేద్దాం అన్నారు.

పిన్ని ఒప్పుకోలేదు. "గడ్డే లేనప్పుడు మెడెందుకు కొయ్యడం డాక్టర్ గారూ?" అంది. ఆయన విసుక్కోకుండా చీటీ వెనక్కి తిప్పి మెడ బొమ్మ గీసి, దాంట్లో చిన్న చిన్న సున్నాలు పెట్టి, ఒక సున్నాలో చుక్క పెట్టి "ఈ చుక్క స్కాన్‌కి కనపడదమ్మా" అన్నారు. ఈ సంగతి ముంబైలో మనవాళ్ళే తేల్చారని చెప్తూ డాక్టర్ అనిల్ డిక్రూజ్ పేరు చెప్పారు. ఆ రాత్రి లాడ్జి రూంలో ఫోన్‌లో ఆయన పరిశోధన పేపర్ వెతుక్కుని చదివాను, సగం అర్థం కాలేదు, మళ్ళీ చదివాను.

డిక్రూజ్ గారు ముంబైలోని క్యాన్సర్ హాస్పిటల్ టాటా మెమోరియల్‌లో హెడ్ అండ్ నెక్ సర్జన్‌గా పనిచేశారు, ఆ హాస్పిటల్ డైరెక్టర్‌గా కూడా చేశారు. పిన్ని అడిగిన ప్రశ్నే ప్రపంచమంతా సర్జన్లు ఏళ్ళ తరబడి కొట్టుకుంటున్న ప్రశ్నట. మొదట్లోనే పట్టుకున్న నోటి క్యాన్సర్లలో నూటికి పాతిక ముప్పై మందికే మెడలో దాక్కుని ఉంటుంది, మిగతా డెబ్భై మందికి ఊరికే కోసినట్టే కదా, భుజం బలహీనపడే రిస్క్ కూడా ఉంది, కాబట్టి గడ్డ కనపడ్డాకే కోద్దాం అని ఒక వర్గం, కనపడేదాకా ఆగితే చెయ్యి దాటిపోతుందని ఇంకో వర్గం. ట్రయల్స్ జరక్కపోలేదు, టాటాలోనే 1989లో ఒకటి వచ్చింది, కానీ దాంట్లో ఉన్నది 70 మందే, అంత తక్కువ మందితో ఎటూ తేలదు.

నన్ను కదిలించిన సంగతి ఇంకోటి. డిక్రూజ్ గారి టీం టాటా పాత రికార్డులు తీసి చూసి 2009లో ఒక పేపర్ రాశారు, బతికినవాళ్ళ లెక్కలో రెండు పద్ధతులకీ పెద్ద తేడా కనపడలేదు. అయినా దాన్ని పట్టుకుని మెడ ఆపరేషన్ అక్కర్లేదని తీర్పు చెప్పలేదు, ఎందుకంటే ఎవరికి మెడ చెయ్యాలో అప్పుడు డాక్టర్లే ఎంచుకున్నారు కాబట్టి ఆ పోలిక సమానమైన పోలిక కాదు. దీనికి రాండమైజ్డ్ ట్రయల్ కావాలి అని ఆ పేపర్ టైటిల్‌లోనే రాశారు. అప్పటికే 2004 నుంచి ఆ ట్రయల్ నడుపుతున్నారు కూడా. టాస్ వేసినట్టు సగం మందికి మొదటి ఆపరేషన్‌లోనే మెడ చెయ్యడం, మిగతా సగాన్ని కనిపెట్టుకుని ఉండి గడ్డ వస్తే అప్పుడు చెయ్యడం. పదేళ్ళలో 596 మందిని చేర్చుకున్నారు. ఒక్క హాస్పిటల్‌లో అంతమంది నోటి క్యాన్సర్ వాళ్ళు దొరకడం మన దౌర్భాగ్యం, గుట్కా, ఖైనీ, మన శ్రీకాకుళం వైపైతే చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డ పొగ. 2014లో రెండు గుంపుల మధ్య చావుల్లో తేడా చూసి, ట్రయల్‌ని పర్యవేక్షించే కమిటీ ఇక ఆపమంది.

ఆ ఫలితం 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే పేరున్న వైద్య పత్రికలో వచ్చింది. మొదటి 500 మంది లెక్క తీస్తే, ముందే మెడ చేసిన 245 మందిలో 50 మంది చనిపోయారు, ఆగిన 255 మందిలో 79 మంది. మూడేళ్ళ తర్వాత బతికి ఉన్నవాళ్ళు ముందే చేసినవాళ్ళలో 80 శాతం, ఆగినవాళ్ళలో 67.5 శాతం. అంటే ఎనిమిది మందికి ముందే చేస్తే ఒక ప్రాణం దక్కుతుంది. లాడ్జిలో ఈ లైన్ పిన్నికి చదివి వినిపిస్తే చాలాసేపు ఏం మాట్లాడలేదు, పొద్దున్నే లేచి సంతకం పెట్టేసింది.

ఒక పేపర్‌ని తర్వాత వచ్చిన పేపర్లు ప్రస్తావిస్తే దాన్ని సైటేషన్ అంటారట, నాకు అప్పటిదాకా సరిగ్గా తెలీదు. వాటితో పరిశోధకులకి స్కోరు వేయడానికి హెచ్-ఇండెక్స్ అని 2005లో హిర్ష్ అనే ఫిజిక్స్ ఆయన పెట్టిన లెక్క ఉంది, ఒకరి పేపర్లలో 40 పేపర్లకి ఒక్కోదానికి కనీసం 40 సైటేషన్లుంటే ఆయన స్కోరు 40. వందలమంది కలిసి రాసిన పేపరైనా ప్రతి ఒక్కరి ఖాతాలో ఒకేలా పడుతుంది, పదేళ్ళు వందల మందిని ఫాలో అయిన పేపరైనా అంతే. నాకది అన్యాయంగా అనిపిస్తుంది. అందుకే అంకె వదిలేసి, డిక్రూజ్ గారి పేపర్‌ని ఎవరెవరు ఎందుకు తలుచుకున్నారా అని చూస్తూ కూర్చున్నా. 2019లో బ్రిటన్ వాళ్ళ సెండ్ అనే ట్రయల్ కూడా మెడ ముందే చెయ్యడమే మేలంది. తర్వాత ఫ్రాన్స్ వాళ్ళు 2020లో, జపాన్ వాళ్ళు 2021లో ఇంకో అడుగు ముందుకేశారు, క్యాన్సర్ మొదట చేరే ఒకటి రెండు గ్రంథులు తీసి పరీక్ష చేసి, వాటిల్లో లేకపోతే మిగతా మెడని వదిలేసినా ఫలితం తగ్గట్లేదని చూపించారు. పిన్ని అడిగిన ప్రశ్నకి ఆవిడ కోరుకున్న జవాబు అక్కడ దొరుకుతుందేమో.

చిన్నాన్న మెడలోంచి 31 గ్రంథులు తీశారు, ఒకదాంట్లో ఉంది. రిపోర్టు వచ్చినరోజు పిన్ని ఆ చుక్క పెట్టిన చీటీ బ్యాగులోంచి తీసి చూసుకుంది. తర్వాత రేడియేషన్ ఇచ్చారు. కొన్నాళ్ళు చెయ్యి పైకి లేవక దండెం మీద తువ్వాలు కూడా ఆరేసుకోలేకపోయేవాడు, ఎక్సర్‌సైజులతో సర్దుకుంది, ఖైనీ పూర్తిగా మానేశాడు. మొన్న ఈ ట్రయల్ గురించి వివరంగా చెప్తుంటే "ఆ ఆగినవాళ్ళు ఏ ఊరోళ్ళురా?" అని అడిగాడు. పేపర్లో ఊళ్ళు రాయరు చిన్నాన్నా అన్నాను. కాసేపు మెడ మీద గీత తడుముకుంటూ కూర్చుని "255 మంది కదా" అన్నాడు.