ఎకో రిపోర్టులో రెండో పంక్తి

గత నెల నాన్నగారి ఎకో (గుండె స్కాన్) రిపోర్టులో ఎజెక్షన్ ఫ్రాక్షన్, అంటే నిండిన రక్తంలో గుండె ఒక్కో స్పందనకు బయటికి నెట్టే వంతు, 60 శాతమని చూసి స్థిమితపడ్డాను గానీ, దాని కిందనే 'గ్రేడ్ 1 డయాస్టోలిక్ డిస్‌ఫంక్షన్' అని ఉండడంతో మళ్లీ గుబులు మొదలైంది. రక్తాన్ని చక్కగా నెడుతున్న గుండెకు లోపమేమిటని అడిగితే, "నెట్టడంలో కాదండీ, నింపుకోవడంలో కాస్త బిగుసుకుంది" అన్నారు డాక్టరుగారు. బళ్లో ఎరుపు, నీలం పెన్సిళ్లతో గుండె బొమ్మ ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు, కానీ నిండడం కూడా ఒక పనేనని అప్పుడు తోచలేదు.

నిమిషానికి 75 సార్లు కొట్టుకునే గుండెలో ఒక్కో స్పందనకు పట్టే 0.8 సెకన్లలో కింది గదులైన జఠరికలు ముడుచుకొనేది సుమారు 0.3 సెకన్లే, తక్కిన 0.5 సెకన్లూ సడలి నిండడానికే పోతాయి. ఎడమ జఠరిక సడలి, దానిలోని పీడనం పై గదియైన కర్ణికలోని పీడనం కన్నా తగ్గగానే మిట్రల్ కవాటం తెరుచుకొని, అక్కడ వేచి ఉన్న రక్తం ఒక్కసారిగా కిందికి దిగుతుంది. నిండవలసిన దానిలో ఎక్కువ భాగం ఇలా దానంతటదే చేరిపోగా, చివర కర్ణిక ముడుచుకొని మిగిలిన ఐదోవంతునో నాలుగోవంతునో అందిస్తుంది. నాన్నగారి గుండె సడలడంలో జాప్యముంది కనుక మొదటి ప్రవాహం తగ్గి, కర్ణిక మీద భారం పెరిగింది. రిపోర్టులో మొదటి ప్రవాహాన్ని చూపే 'ఈ' (E) తరంగం కన్నా కర్ణిక నెట్టే ప్రవాహాన్ని చూపే 'ఏ' (A) తరంగం పెద్దదిగా ఉండడానికి కారణం అదే.

సడలడమంటే ఊరకే వదిలేయడం కాదు. కండర కణంలో ముడుచుకోవడానికి విడుదలైన కాల్షియంను తిరిగి దాని అరల్లోకి తోడిపోయడానికి కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థం ఖర్చవుతుంది. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరంలో గుర్తించిన యల్లాప్రగడ సుబ్బారావు మన భీమవరంలో పుట్టినవాడే.

నిండిన ఎడమ జఠరికలో దాదాపు 120 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. ఆ జఠరిక ముడుచుకోవడం మొదలవగానే మిట్రల్ కవాటం మూతపడడం 'లబ్' శబ్దంలో ప్రధాన భాగం; లోపలి పీడనం బృహద్ధమనిలోని 80 మిల్లీమీటర్ల (పాదరసం) పీడనాన్ని దాటాక అక్కడి కవాటం తెరుచుకొని, సుమారు 70 మిల్లీలీటర్లు బయటికి పోతాయి. ఆ కవాటం తిరిగి మూసుకున్నప్పుడు 'డబ్' వినిపిస్తుంది. కుడివైపునా ఇదే వరుస, ఇంతే రక్తం, పీడనం మాత్రం చాలా తక్కువ. 120లో 70 అంటే సుమారు 58 శాతం. నాన్నగారి 60 శాతం ఆ లెక్కలోదే.

వేగం పెరిగితే కోత ఎక్కువగా పడేది నిండే సమయానికే. నిమిషానికి 150 సార్లు కొట్టుకునే గుండెలో స్పందన మొత్తానికి దక్కేది 0.4 సెకన్లు, బిగుసుకున్న జఠరిక అంత త్వరగా నిండలేకపోతే పీడనం వెనక్కి, ఊపిరితిత్తుల దాకా పెరిగి ఆయాసం వస్తుంది. ఏళ్ల తరబడి అదుపులో లేని బీపీ జఠరిక గోడను దళసరి చేస్తుందట. బీపీ మాత్ర వేసుకోవడం మరచిపోయే నాన్నగారికి ఇప్పుడు రోజూ రాత్రి ఫోన్ చేసి అడుగుతున్నాను, ఆయన విసుక్కుంటున్నారు.