చిన్న పెండ్లి అనుకున్నాం, లిస్టు దగ్గరే ఆగిపోయాం

మా అమ్మాయి టెక్సాస్‌లో పుట్టి పెరిగిన పిల్ల. పెండ్లి మాత్రం గండికోటలో చేసుకుంటానంది, అదీ అరవై మందితోనే. మొదటి మాటకు మా ఆయన మురిసిపోయాడు, రెండో మాటకు ముఖం మాడ్చుకున్నాడు. ఆయనది జమ్మలమడుగు పక్క పల్లె. ఆ వైపు పెండ్లంటే ఇంటి ముందు చప్పరం వేయాలి, ఊరంతా పిలవాలి, పొయ్యి ఆరకుండా రెండు పూటలా వండి పెట్టాలి. పసుపు కొట్టే రోజు వచ్చే ఆడవాళ్లే అరవై మంది దాటుతారు కదా, ఇంక పెండ్లికి ఎవర్ని పిలవాలి అని ఆయన బాధ.

బయటి దేశంలో పిల్లల్ని పెంచే ఇళ్లలో ఈ తగువు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. అందుకే మా ఇంట్లో ఎట్లా నడిచిందో రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తే సంతోషం.

కోట లోపల పెండ్లి కుదరదని మాకు తొందరగానే తెలిసిపోయింది. గండికోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. అలాంటి కట్టడాల్లో విందు, వేడుక ఏది చేయాలన్నా ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతి ఇవ్వాలి, పొయ్యి పెట్టి వండుతామంటే ఒప్పుకోరు, డ్రోన్ ఎగరేయాలన్నా అడగాలి. అమ్మాయి నిరాశ పడింది కానీ నాకు ఈ నిబంధన ఉండడమే మంచిదనిపించింది. మాధవరాయస్వామి గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం వందల ఏళ్లుగా ఒకే కోటలో నిలబడి ఉన్నాయి, మన ఒక్కపూట సంబరానికి వాటి గోడల్లో మేకులు దిగ్గొట్టడం ఎందుకు? పెన్నా లోయకు కొంచెం దూరంలో గుడారాలు వేసి గదులు అద్దెకిచ్చే చోటొకటి దొరికితే అడ్వాన్స్ కట్టాం.

తర్వాత ముహూర్తం. బయటున్న మనందరికీ ఇది పెద్ద చిక్కే. పిల్లలకు సెలవులు దొరికేది క్రిస్మస్‌కి, సరిగ్గా అప్పుడు ధనుర్మాసం, డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా పెండ్లి మాట ఎత్తరు. మళ్లీ సెలవులు వేసవిలో, మే నెల కడప ఎండ నలభై డిగ్రీలు దాటిపోతుంది, ఆ తర్వాత ఆషాఢం. ఇవి కాక గురువో శుక్రుడో సూర్యుడికి దగ్గరై కనబడకుండా పోయిన రోజులు మూఢమని తీసేస్తారు. పెండ్లికొడుకు స్కూల్ టీచరు, టెక్సాస్‌లో బళ్లు ఆగస్టు మధ్యకల్లా తెరుస్తారు. ఆ ఏడు శ్రావణం జూలై ఆఖరుకే వచ్చింది కాబట్టి బతికిపోయాం, ఆగస్టు మొదటి వారంలో ముహూర్తం దొరికింది. కానీ ఆషాఢమంతా ఆగినవాళ్లందరికీ ఆ ముహూర్తాలే కావాలి. వంట మాస్టర్లు, మేళం వాళ్లు, వ్యాన్లు ఎవర్ని అడిగినా ఖాళీ లేదనేవాళ్లే. పైగా వరలక్ష్మీ వ్రతం దగ్గరపడేకొద్దీ చామంతి, బంతి ధరలు రోజుకో మెట్టు ఎక్కుతాయి. పూలు తగ్గించేద్దాం అని అమ్మాయే అంది.

అబ్బాయి అమెరికా వాడే, ఒహాయోలో పెరిగిన క్రైస్తవ కుటుంబం. ఇద్దరూ హిందువులైతేనే హిందూ వివాహ చట్టం వర్తిస్తుంది. కాకపోతే మామూలుగా 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకుంటారు. దానికి ఇద్దరిలో ఒకరు నోటీసు ఇచ్చే జిల్లాలో కనీసం 30 రోజులు ఉండి ఉండాలి, నోటీసు ఇచ్చాక మళ్లీ 30 రోజులు ఆగాలి. రెండు వారాల సెలవుతో వచ్చేవాళ్లకు అది అయ్యే పని కాదు. అందుకని టెక్సాస్‌లోనే కౌంటీ ఆఫీసులో లైసెన్సు తీసుకున్నారు. అక్కడ లైసెన్సు చేతికొచ్చాక 72 గంటలు ఆగాలి, 90 రోజుల్లోపు పెండ్లి చేసుకోవాలి. జడ్జి ముందు సంతకాలు అయిపోయాయి. ఈ విషయం ఊళ్లో చెప్పొద్దని మా ఆయన పట్టు పట్టాడు. అమ్మాయి వినలేదు. జేజికి, అంటే వాళ్ల నాయనమ్మకు, అబద్ధం చెప్పి ఆమె చేత అక్షింతలు వేయించుకోలేనని, వీడియో కాల్ చేసి తన తెలుగులో అంతా చెప్పేసింది. మా అత్తమ్మ విని, "సంతకాలు ఆడ పెట్టుకున్యారు, తలంబ్రాలు ఈడ పోసుకుంటారు, దాంట్లో ఏముంది పాపా" అంది. మేము భయపడిన విషయం అంతటితో అయిపోయింది.

పురోహితుడి సంగతి అంత సులువుగా తేలలేదు. మొదట ఒప్పుకున్నాయన వరుడి గోత్రం అడిగి, లేదని తెలిశాక తప్పుకున్నారు. ఆయన పద్ధతి ఆయనది, నాకు కోపం రాలేదు. గోత్రం తెలియనివాళ్లకు కాశ్యప గోత్రం చెప్పుకోవడం మన దగ్గర ఎప్పటినుంచో ఉన్న సంప్రదాయమే. అది చెప్పి చేయిస్తానని ఇంకో పెద్దాయన వచ్చారు.

ఇంతలో నెల రోజులుందనగా మా అత్తమ్మ బాత్రూంలో జారి పడింది. తుంటి ఎముక విరిగింది. కడపలో ఆపరేషన్ చేశారు. పక్కకు తిరగాలన్నా ఇద్దరు పట్టుకోవాలి, దూరం ప్రయాణం వద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. కడప నుంచి గండికోట ఎనభై కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఏం చేయాలా అని మేము తల పట్టుకుని కూర్చున్న వారంలోనే గుడారాల వాళ్లు ఫోన్ చేసి, మరమ్మతులున్నాయి, మీ తేదీకి ఇవ్వలేం అన్నారు. కట్టిన డబ్బులో సగమే తిరిగొచ్చింది. ఆ డబ్బు పోయినందుకు ఇప్పటికీ బాధే, కానీ పెండ్లి కడపకు మార్చుకునే మాట ఎవరు ముందు అనాలన్న ఇబ్బంది మాత్రం తప్పింది.

అమ్మాయి ఆఫీసు పని ల్యాప్‌టాప్‌లో చేసుకునేది కాబట్టి మా అందరికంటే ముందే వచ్చి ఆస్పత్రిలో జేజి దగ్గర కూర్చుంది. అప్పటికి మా ఇంట్లో లిస్టు గొడవ నెలల తరబడి నడుస్తోంది. అమ్మాయి దగ్గర అరవై పేర్లు, వాళ్ల నాయన దగ్గర ఎనిమిది వందలు. నాకు తెలియని మనుషులు నా పెండ్లిలో ఎందుకు అని ఈమె, వాళ్ల ఇండ్లలో నేను తిన్నాను, నా ఇంట్లో వాళ్లు తినొద్దా అని ఆయన. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. మధ్యలో నాకు నిద్ర లేదు.

జేజికి కాలక్షేపం కావాలి, ఈమెకు తెలుగు చదవడం కావాలి. ఆదివారం ఆదివారం మనబడికి పోయి నేర్చుకున్న తెలుగు, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుతుంది. మా మరిది ఇంట్లోంచి చదివింపుల పుస్తకం తెచ్చిచ్చాడు. నీలం అట్ట నోటుపుస్తకం, మూలలు చినిగి దారంతో కుట్టింది, పేజీల నిండా నూనె వేళ్ల మరకలు, పసుపు మరకలు. మా ఆయన పెండ్లి, మా మరిది పెండ్లి, మా ఆడబిడ్డ పెండ్లి, అన్నీ అందులోనే. ముద్దనూరు అత్త, స్టీలు బిందె, 51. మైదుకూరు చిన్నక్క, రవికె గుడ్డ, 116. ఎర్రగుంట్ల మేస్త్రి, 11. ఒక్కో పేరు దగ్గర ఆపి ఎవరు జేజీ అని ఈమె అడిగేది, ఆమె చెప్పేది.

మేస్త్రి దగ్గరికి వచ్చేసరికి జేజి చాలాసేపు చెప్పిందట. ఆ ఏడు వానల్లేక ఎద్దును అమ్ముకున్నాడు, అయినా పెండ్లికి మూడు రోజుల ముందే వచ్చి చప్పరానికి గుంతలు తీసి, కొబ్బరి మట్టలు కట్టి, పోతూ పోతూ పదకొండు రూపాయలు చదివించి పోయాడు. మనకు చుట్టం కాదు, ఏమీ కాదు. ఆయన మన లిస్టులో ఉన్నాడా అని అమ్మాయి ఆ రాత్రి నాకు ఫోన్ చేసి అడిగింది. లేడు. ఈమె అరవైలో ఎట్లాగూ లేడు, మా ఆయన ఎనిమిది వందల్లోనూ లేడు. అందులో కాంట్రాక్టర్లున్నారు, ఒకసారి పరిచయమైన నాయకులున్నారు, ఆయనతో కాలేజీలో చదువుకుని మళ్లీ ఎప్పుడూ మాట్లాడనివాళ్లున్నారు.

ఆ రెండు లిస్టులూ పక్కన పెట్టి పుస్తకంలో నుంచి కొత్తది రాసింది అమ్మాయి. తన స్నేహితులు, అబ్బాయి వైపువాళ్లు, పుస్తకంలో ఉన్నవాళ్లలో జేజి వేలు పెట్టి చూపించిన ఇళ్లు. నూరు దాటింది, నూట ఇరవై దగ్గర ఆగింది. మిగిలినవాళ్లను వదిలేయలేదు. మా మరిది కూతుర్ని స్కూటీ మీద ఎక్కించుకుని, కుంకుమ భరిణె, ఆకు వక్క పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. పెండ్లి చిన్నగా చేసుకుంటున్నాం, పెండ్లయినాక మేమిద్దరం మీ ఇంటికే భోజనానికి వస్తాం అని బొట్టు పెట్టి చెప్పి వచ్చింది. కొత్త జంటను విందుకు పిలిచే ఆనవాయితీ మనకుంది కాబట్టి ఎవరికీ అది వింతగా అనిపించలేదు. చాలామంది సంతోషపడ్డారు. అందరూ కాదు. మా ఆయనకు పెద్దనాయన వరసయ్యే ఒకాయన, "అమెరికాకు పోయి మనుషుల్ని లెక్కపెట్టడం నేర్చుకున్యారు" అని, ఇప్పటికీ మాతో సరిగా మాట్లాడడం లేదు.

ఇంక చెనిక్కాయల (వేరుశెనగల) సంగతి చెప్పాలి, ఎందుకంటే నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టింది ఇదే. అబ్బాయి చెల్లెలికి చెనిక్కాయ పడదు. ఒంటికి దద్దుర్లు వచ్చి పోయే రకం కాదు, గొంతు వాచి ఊపిరాడకుండా పోయే రకం. ఎప్పుడూ ఎపిపెన్ ఇంజక్షన్ సంచిలో పెట్టుకుని తిరుగుతుంది. మన రాయలసీమ వంటలో చెనిక్కాయ లేనిదేది? నూనె అదే, పొడి అదే, చట్నీ అదే, వంకాయలో కూరేది అదే, చిత్రాన్నంలో పంటికి తగిలేది అదే. ఆ పిల్లకు వేరే గిన్నెలో వండితే చాలు కదా అని అందరూ అన్నారు. చాలదు. ఒక గరిటె అటు పెట్టింది ఇటు పెడితే అంతే. అందుకని మొత్తం పెండ్లి వంటే చెనిక్కాయ లేకుండా చేయాలన్నాను. వంట మాస్టరు నన్ను ఎగాదిగా చూసి, "చెనిక్కాయ లేకుండా వంటేందమ్మా, ఇది పెండ్లి బువ్వా, ఆస్పత్రి బువ్వా?" అన్నాడు.

అబ్బాయి చెల్లెలు పోయిన సంవత్సరం రెస్టారెంట్లో ఎట్లా పడిపోయిందో ఫోన్లో ఉన్న ఫోటో చూపించాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ పని ఆయనే మీద వేసుకున్నాడు. సన్‌ఫ్లవర్ నూనె కొత్త డబ్బాలు తన కళ్లముందే విప్పాలన్నాడు, కడాయిలు చింతపండు వేసి తోమించి, ఆరాక మళ్లీ తోమించాడు. గుత్తి వంకాయకు నువ్వులు, ఎండు కొబ్బరి వేశాడు, చిత్రాన్నంలోకి జీడిపప్పు వేయించాడు (జీడిపప్పు ఆ పిల్లకు పడుతుందని రెండుసార్లు అడిగి తెలుసుకున్నాకే), అలసంద వడలకు బాండలి వేరే. తన కింద పనిచేసే కుర్రాళ్లు టీ తాగుతూ చెనిక్కాయ ఉండలు తింటుంటే లాక్కుని బయట పారేయించాడట. పెండ్లి రోజు ఆ పిల్ల ఆకులో మొదటి ఓళిగ ఆయనే వేసి, ఆమె ముద్ద మింగేదాకా పక్కనే నిలబడ్డాడు. ఆమెకు ఏమీ కాలేదు. ఓళిగలు మూడు తింది. బయటి నుంచి చుట్టాల్ని తీసుకొచ్చేవాళ్లు ఈ ఒక్క విషయం మాత్రం మొహమాటపడకుండా ముందే చెప్పండి, దగ్గరలో ఏ ఆస్పత్రిలో రాత్రిపూట డాక్టరు ఉంటాడో కూడా కనుక్కుని పెట్టుకోండి.

పెండ్లి దేవుని కడప గుడికి దగ్గర్లో ఒక చిన్న మండపంలో జరిగింది. వాన పడింది, మేళం వాళ్లు గంట ఆలస్యంగా వచ్చారు, మెరవణి మానుకున్నాం. అత్తమ్మను చక్రాల కుర్చీలో తెచ్చి పీటల పక్కనే కూర్చోబెట్టాం, జీలకర్ర బెల్లం పెట్టించే దాకా ఉంది. ముందురోజు సాయంత్రం అబ్బాయి అమ్మానాన్నల్ని గుడికి తీసుకుపోయాం. తిరుమలకు తొలి గడప అని పేరున్న గుడి కదా, కొండకు పోయేవాళ్లు ముందు ఇక్కడి స్వామిని చూసుకుని పోవడం పాత అలవాటు. ప్రతి ఉగాదికి కడప ముస్లింలు ఈ గుడికి వస్తారని, బీబీ నాంచారిని తమ ఇంటి ఆడబిడ్డగా చూసుకుని వేంకటేశ్వరుడికి అల్లుడి మర్యాద చేస్తారని, బియ్యం, బెల్లం, చింతపండు తెచ్చి ఇస్తారని మా మరిది వాళ్లకు చెప్పాడు. వియ్యపురాలు చాలా ప్రశ్నలు అడిగింది. వేరే మతం ఇంట్లో కొడుకును ఇస్తున్నామన్న బెరుకు ఆమెకు కూడా ఉందని నాకు ఆ సాయంత్రమే అర్థమైంది. నా బెరుకు గురించి నేనూ చెప్పాను. గుడి బయట బొరుగుల మిక్చర్ బండి దగ్గర చాలాసేపు నిలబడి మాట్లాడుకున్నాం (చెనిక్కాయల వల్ల వాళ్ల అమ్మాయిని దూరంగా కారులోనే ఉంచాం).

పెండ్లయిన మూడో రోజు తెల్లవారుజామున వ్యాన్లో అందరూ గండికోటకు పోయి వచ్చారు. అమ్మాయి అనుకున్న ఫోటోలు తీసుకుంది, మామూలు బట్టల్లో. నేను పోలేదు, అత్తమ్మ దగ్గర ఉన్నాను.

ఆ తర్వాత సెలవు ఉన్నంతవరకు ఇద్దరూ విందులకు తిరిగారు. ఎర్రగుంట్ల మేస్త్రి ఇప్పుడు లేడు, కొడుకు ఇంట్లో సంగటి, చింతాకు పప్పు పెట్టారు, అబ్బాయి చేత్తో తినడం చూసి ఆ ఇంటి పిల్లలు వీడియో తీసుకున్నారు. మైదుకూరు చిన్నక్క ఇంటికి పోవడానికి రోజులు చాల్లేదు. ఆమె మనవరాలికి మాఘంలో పెండ్లి కుదిరింది. అమ్మాయి మొన్న ఫోన్ చేసి టికెట్లు తీసుకున్నానంది, మీకు సెలవు దొరక్కపోతే మేమిద్దరమే పోతాం అంది. అప్పట్లో 116 చదివించినవాళ్లకు ఇప్పుడు ఎంత చదివించాలి అని నన్ను అడిగింది. నేను ఏదో చెప్పబోతే, నీకు సరిగ్గా తెలియదులే, జేజినే అడుగుతా అని ఫోన్ పెట్టేసింది.